ఐదు కిలోల లోపు

రువి క్లినిక్కులో మలయాళీ డాక్టరు
ఫిల్ము వెలుగుకి ఎత్తిపట్టి పెన్నుతో చూపించాడు:
నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య
బయటికి తొంగిచూస్తున్న మెత్త.
"ఐదు కిలోలకి మించి ఎత్తకు" అన్నాడు.
తలూపాను.
ఊపితే కూడా నొప్పేనని చెప్పలేదు.

గదికొచ్చి లెక్క రాసుకున్నాను.
కీబోర్డు, పెట్టెతో కలిపి ఇరవై రెండు.
ఆంప్లిఫయరు పద్దెనిమిది, అందులో సగం దాని ముసలితనం.
బేస్ డబ్బాలు రెండు, ఒక్కోటి నలభై ఆరు.
వైర్ల సంచి తూచే ధైర్యం లేకపోయింది.
ఐదు లోపు తేలినవి మైకూ, తాళాలూ,
అట్ట ఊడిన పాటల పుస్తకం.

శుక్రవారం సెలవు గనక శుక్రవారమే కూటం,
శుక్రవారమే మోత.
హాలు మొదటి అంతస్తు. లిఫ్టు తలుపు మీద అరబ్బీలో కాగితం,
చదవడం రాకపోయినా ఏం రాసుందో తెలుసు.
పంతొమ్మిది మెట్లు.

రెండేళ్ళ కిందట చెత్తకుండీ పక్కన
ఎవరో వదిలేసిన పసిపిల్లల బండి దొరికింది.
పెట్టె గదిలో వదిలేస్తే ఎనిమిది కిలోలు ఆదా.
కీబోర్డుని అందులో ఏటవాలుగా పడుకోబెట్టి
ఎండ తగలకుండా దుప్పటి కప్పి తోస్తాను.
ఓసారి సిగ్నలు దగ్గర ఒమానీ ముసలాయన
దుప్పటి అంచు ఎత్తి తొంగిచూశాడు,
మాషా అల్లా అనబోయి
నల్లమెట్లూ తెల్లమెట్లూ చూసి ఆగి
అయినా అన్నాడు.

బేస్ డబ్బాని ఎత్తకూడదు.
ఒక మూల మీదికి ఒరిపి, ఆ మూల నుంచి ఈ మూలకి తిప్పుతూ
తాగినవాణ్ణి ఇంటికి చేర్చినట్టు నడిపించాలి.
మెట్ల దగ్గర మాత్రం అది మాట వినదు.
మెట్ల దగ్గర గుల్ జమాన్ కావాలి.
పికప్పు పఠాను. మూడు రియాళ్ళకి మాట్లాడుకుంటే
రెండు పుచ్చుకుని
ఒకటి నా నడుముకని వదిలేస్తాడు.

ఆ వారం గుల్ జమాన్ సలాలా వెళ్ళాడు.
నడుంపట్టీ బిగించాను, ఊపిరి బిగబట్టాను.
"ఊపిరి వదులు" అంది వెనకనుంచి కరుణమ్మ.
మా పాటలామె. రాజోలు పక్క పల్లె.
అల్ ఖువైర్‌లో అర్బాబు తల్లికి
తొమ్మిదేళ్ళుగా చెయ్యీ కాలూ.
"మా పెద్ద మేడం డెబ్బైరెండు కిలోలు.
మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూముకి,
రోజుకి ఆరుసార్లు. నా నడుం ఎలా ఉందో చూడు.
బరువుతో దెబ్బలాడకు, పొట్టకి హత్తుకో.
వంచాల్సింది మోకాళ్ళు.
లేపేముందు చెప్పాలి, లేస్తున్నామని.
చెప్పకపోతే బిగుసుకుపోద్ది మనిషి."

చెక్కడబ్బాకి ఏం చెప్పను!
నవ్వొచ్చింది, నడుములో కలుక్కుమంది.
"లేస్తున్నాం" అన్నాను.
ఆవిడ అటు, నేను ఇటు,
పంతొమ్మిది మెట్లకీ పంతొమ్మిదిసార్లు చెప్పాం.
పదకొండో మెట్టు దగ్గర నాకు గొంతు పోతే
నా వంతు కూడా తనే చెప్పింది.

కూర్చుని వాయించలేను. నిలబడి వాయిస్తాను,
నాలుగో పాట దాకా.
తర్వాత యేసురత్నం కొడుక్కి మెట్లు అప్పగించి
డబ్బా వెనక బండల మీద వెల్లకిలా పడుకుంటాను.
కుర్రాడి ఎడమచెయ్యి ఇంకా తడబడుతోంది.
కింది స్వరం నొక్కినప్పుడల్లా
ఆ అదురు బండల్లోంచి వీపులోకి ఎక్కి
నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య
కాసేపు కూర్చుంటుంది.
వారమంతా నన్ను విరగ్గొట్టిన డబ్బాయే
ఇప్పుడు వీపు నిమురుతోంది.

పైనెక్కడో కరుణమ్మ గొంతు.
పాటకి బరువు ఉండదనుకునేవాణ్ణి.
పెద్ద మేడం నిద్రపోయాక
ఫ్రిజ్జు చప్పుడు చాటున, పెదాలు కదలకుండా
నేర్చుకుంటుందట ప్రతి చరణం.

తొమ్మిదిన్నరకి హాలు ఖాళీ చెయ్యాలి.
దిగేటప్పుడే డబ్బా ఎక్కువ తూగుతుంది.
కుర్చీలు మడుస్తున్నారు,
పిల్లల బండి చక్రం కుయ్యిమంది.
కరుణమ్మ వచ్చి కొంగు నడుముకి దోపి
మోకాళ్ళు వంచి
"లేస్తున్నాం" అంటోంది,
డబ్బాతోనో, నాతోనో.